ఒక్కటే మార్చండి, మిగతావి కదపకండి

ఫొటోగ్రఫీ కోర్సు వెతుక్కునేవాళ్లు ముందుగా సిలబస్ చూస్తారు. ఎన్ని వీడియోలున్నాయి, ఎన్ని గంటల పాఠం, నేర్పేది ఎవరు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారా లేదా. నేనైతే ఇవన్నీ పక్కన పెట్టి అసైన్‌మెంట్ షీటు అడగమంటాను. ఎపర్చర్ అంటే ఏమిటో, షట్టర్ ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠాలు ఎక్కడైనా దొరుకుతాయి, చాలావరకు ఉచితంగానే. ఫలానా టెక్నిక్ చేతికి రావాలంటే కెమెరా పట్టుకుని సరిగ్గా ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి, చెడిపోతే ఎందుకు చెడిందో ఎలా పట్టుకోవాలి అని ఆలోచించి రాసిన కాగితం మాత్రం అరుదు. కోర్సుకి డబ్బు కట్టేది ఆ కాగితానికీ, మనం పంపిన ఫొటోలను ఓపిగ్గా కూర్చుని చూసే మనిషికీ.

ఆ కాగితం ఎలా ఉండాలంటే, విద్యార్థిని ఒక్క విషయమే మార్చనివ్వాలి, మిగతావన్నీ బిగించి పెట్టాలి. చాదస్తంలా వినిపించొచ్చు. కానీ ఫొటో ఎలా వస్తుందన్నది ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే కంత), షట్టర్ స్పీడ్ (ఆ వెలుగును ఎంతసేపు లోపలికి రానిస్తామన్నది), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందిస్తుందన్నది), ఫోకస్ పెట్టిన చోటు, ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే ఎంఎం కొలత), మనం నిలబడ్డ దూరం, వెలుగు వచ్చే దిక్కు, వైట్ బ్యాలెన్స్, ఇన్నింటి మీదా ఆధారపడి ఉంటుంది. వీటిలో మూడు నాలుగు ఒకేసారి మారితే ఫొటో బాగా వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు, చెడినా తెలియదు. పైగా తప్పు పాఠం మనసులో గట్టిగా పాతుకుపోతుంది.

డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ముందూ వెనకా ఎంత మేర స్పష్టంగా ఉంటుందన్నది) నేర్చుకుందామని ఒకరు ఎపర్చర్ ప్రయారిటీ మోడ్ (ఎపర్చర్ మనం పెడితే షట్టర్ స్పీడ్ కెమెరా ఎంచుకునేది) పెట్టుకుని, కెమెరా చేత్తోనే పట్టుకుని, ఒక పువ్వును ఎఫ్/8 దగ్గర ఒకసారి, ఎఫ్/2.8 దగ్గర ఒకసారి తీశారనుకుందాం. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ కంత పెద్దదవుతుంది, ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపో సగమో అవుతుంది. ఈ రెండింటికీ మూడు స్టాపుల తేడా. మొదటిదానికి కెమెరా 1/60 సెకను షట్టర్ స్పీడ్ ఎంచుకుంటే రెండోదానికి 1/500 ఎంచుకుంటుంది. 1/60 దగ్గర చెయ్యి కాస్త కదిలింది, పువ్వు గాలికి ఊగింది. ఎఫ్/8 ఫొటో మసగ్గా, ఎఫ్/2.8 ఫొటో పదునుగా వచ్చాయి. ఎపర్చర్ ఎంత తెరిస్తే ఫొటో అంత షార్ప్‌గా వస్తుందని ఆయన నమ్మేస్తారు. పాఠం సరిగ్గానే విన్నారు, అసైన్‌మెంట్ సరిగ్గా రాయలేదు.

అదే అసైన్‌మెంట్‌ని ఇలా రాయొచ్చు. కెమెరా ట్రైపాడ్ మీద, 50 ఎంఎం లెన్స్, ఐఎస్ఓ 100, ఆటో ఐఎస్ఓ ఆఫ్, రెండు సెకన్ల టైమర్. సన్నటి అక్షరాలున్న మూడు డబ్బాలు, ఒకటి మీటరు దూరంలో, ఒకటి మీటరున్నర దూరంలో, ఒకటి మూడు మీటర్ల దూరంలో, ఒకదాన్నొకటి కప్పకుండా. నడిమి డబ్బా అక్షరాల మీద ఫోకస్ పెట్టి, వెంటనే మాన్యువల్ ఫోకస్‌కి మార్చేయాలి. ఎఫ్/2.8 నుంచి ఎఫ్/22 దాకా ఒక్కో స్టాప్ చొప్పున ఏడు ఫ్రేములు. షట్టర్ స్పీడ్ మారుతుంది, మారనివ్వండి. కదిలేదేమీ లేదు కాబట్టి దాని ప్రభావం ఫొటోలో కనబడదు. తర్వాత ఎఫ్/4 దగ్గర ఆగి, ఒకే డబ్బాను మీటరు దూరం నుంచి, రెండు మీటర్ల నుంచి, నాలుగు మీటర్ల నుంచి తీయాలి.

మొదటి వరుసలో ఎక్కువమంది ఎదురుచూడనిది ఒకటి బయటపడుతుంది. ఎఫ్/22 దగ్గర మూడు డబ్బాలూ దాదాపు స్పష్టంగా ఉంటాయి గానీ, నడిమి డబ్బా అక్షరాలు ఎఫ్/8లో ఉన్నంత పదునుగా ఉండవు. చిన్న కంతలోంచి వచ్చేటప్పుడు కాంతి పక్కలకు చెదరడమే, అంటే డిఫ్రాక్షనే, దీనికి కారణం. రెండో వరుసలో దూరం రెట్టింపయితే స్పష్టంగా ఉండే మేర సుమారు నాలుగింతలవుతుందని తెలుస్తుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 50 ఎంఎం, ఎఫ్/4 దగ్గర మీటరు దూరంలో ఆ మేర సుమారు 10 సెంటీమీటర్లయితే, రెండు మీటర్లకు 40 సెంటీమీటర్లకు చేరువవుతుంది. పుస్తకంలో ఈ అంకెలు చదివినవాళ్లకు పరీక్షలో గుర్తుంటాయి. డబ్బాలు పెట్టి తీసినవాళ్లకు ఒక ముఖాన్ని ఫ్రేమ్‌లో పెట్టేటప్పుడు గుర్తొస్తాయి.

ఇందులో చెడేవి కూడా షీటులోనే రాసి ఉండాలి. ఆటోఫోకస్ ఆపకపోతే ఒక ఫ్రేమ్‌లో వెనక డబ్బాను పట్టుకుంటుంది, అప్పుడు ఏ ఫ్రేమునూ ఇంకోదానితో పోల్చలేం. కెమెరాతో పాటు వచ్చే కిట్ జూమ్ లెన్స్‌లో జూమ్ కదిపితే ఎఫ్/3.5 కాస్తా ఎఫ్/5.6 అయిపోతుంది. ట్రైపాడ్ మధ్య కడ్డీని పూర్తిగా పైకి లాగితే నెమ్మది షట్టర్ల దగ్గర కెమెరా ఊగుతుంది.

ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు ఎంత వెలుగు అందాలన్నది, నేర్పడానికి నాకు తెలిసినంతలో తెల్ల గుడ్డ, నల్ల గుడ్డ కంటే మంచి సామగ్రి లేదు. కెమెరాలో వెలుగును కొలిచే మీటరుకు తన ముందున్నది తెలుపో నలుపో తెలియదు. ఏది చూపించినా దాన్ని మధ్యస్థ బూడిద రంగు వెలుగుకు తేవాలని చూస్తుంది. తెల్ల గుడ్డతో ఫ్రేము నిండా నింపి, కాంపెన్సేషన్ (మీటరు చెప్పినదానికంటే వెలుగు పెంచే, తగ్గించే సర్దుబాటు) సున్నా దగ్గర ఒకటి, ప్లస్ 1, ప్లస్ 2 దగ్గర ఒక్కొక్కటి తీయాలి. నల్ల గుడ్డను సున్నా, మైనస్ 1, మైనస్ 2 దగ్గర. సున్నా దగ్గర తీసిన రెండు ఫొటోలనూ పక్కపక్కన పెడితే ఏది తెల్ల గుడ్డో ఏది నల్ల గుడ్డో చెప్పడం కష్టం. మీటరు చెప్పేది సలహా మాత్రమేనన్న సంగతి ఆ క్షణాన తలకెక్కినంతగా ఎన్ని పాఠాలు విన్నా ఎక్కదు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో జోన్ సిస్టమ్‌కు రూపం ఇచ్చింది లాస్ ఏంజెలెస్‌లోని ఆర్ట్ సెంటర్ స్కూల్లో విద్యార్థులకు పాఠం చెబుతున్న రోజుల్లోనే. కటిక నలుపు నుంచి పూర్తి తెలుపు దాకా 0 నుంచి 10 వరకు మెట్లు, నట్టనడుమ 5. ఒక్కో మెట్టు ఒక్కో స్టాప్. మీటరు అన్నింటినీ 5వ మెట్టు మీద నిలబెడుతుంది. నేత కనబడే తెల్ల గుడ్డ ఉండాల్సింది 7 మీద, మడతలు కనబడే నల్ల గుడ్డ 3 మీద. ప్లస్ 2, మైనస్ 2 అన్న అంకెలు అక్కణ్నుంచి వచ్చినవే. ప్రపంచమంతా వాడుకున్న ఒక పద్ధతి తరగతి గది అవసరంలోంచి పుట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇంకొకరికి నేర్పాల్సి వచ్చినప్పుడే మనం చేతి నేర్పును కొలతల్లోకి మార్చుకుంటాం.

గుడ్డల అసైన్‌మెంట్ చెడిపోయే దారులు మూడు. నీడల్ని వాటంతటవే వెలిగించే సెట్టింగు చాలా కెమెరాల్లో మొదట్నుంచీ ఆన్‌లో ఉంటుంది, కంపెనీకో పేరుతో. అది ఆపకపోతే జేపెగ్‌లో నల్ల గుడ్డ ఫలితం తారుమారవుతుంది. ఎండలో మేఘాలు కదులుతున్నప్పుడు తీస్తే రెండు ఫ్రేముల మధ్య వెలుగే ఒక స్టాప్ మారిపోవచ్చు, కాబట్టి నిలకడైన నీడలో తీయాలి. సాదా గుడ్డ మీద ఆటోఫోకస్‌కు పట్టు దొరకదు, మాన్యువల్ ఫోకస్ తప్పదు.

గుడ్డలయ్యాక అసలు పని మొదలవుతుంది. తెల్ల గోడ ముందు నిలబడ్డ మనిషి, నల్లటి వాహనం, నీళ్ల మీద ఎండ, ఇలాంటి పది దృశ్యాలు. ప్రతిదానికీ షట్టర్ నొక్కకముందే ఎంత కాంపెన్సేషన్ కావాలో కాగితం మీద రాసుకోవాలి. తర్వాత తీసి, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు నీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూసి, అంచనాకీ ఫలితానికీ ఎంత తేడా వచ్చిందో పక్కనే రాయాలి. ముందే రాయడం ఇక్కడ ప్రాణం. తీసిన తర్వాత అందరికీ తాము అనుకున్నదే వచ్చినట్టు అనిపిస్తుంది. ఎపర్చర్, షట్టర్, ఐఎస్ఓ, ఫోకల్ లెంగ్త్ ఫైలులోనే నమోదవుతాయి. వెలుగు ఎటునుంచి వచ్చింది, లైటు ఎంత దూరంలో ఉంది, మనం ఏం ఆశించాం, ఈ మూడూ ఏ ఫైలులోనూ ఉండవు. నోటుబుక్కు అందుకు.

ప్యానింగ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. అసైన్‌మెంట్ లేకుండా నేర్చుకోవడం దాదాపు అసాధ్యమైన టెక్నిక్ ఇది. సూత్రం ఒక్క వాక్యంలో అయిపోతుంది: కదిలే వస్తువుతో సమానంగా కెమెరాను తిప్పుతూ నెమ్మది షట్టర్‌తో తీస్తే వస్తువు స్పష్టంగా, వెనకభాగం చారలుగా వస్తుంది. నేర్చుకోవాల్సింది చెయ్యి కాదు, నడుం.

సైకిల్ తొక్కేవారిని ఒకర్ని ఒప్పించి, ఒకే దారిలో ఒకే వేగంతో అటూ ఇటూ తిరగమనాలి. దారి పక్కన ఆరేడు మీటర్ల దూరంలో నిలబడాలి, వెనకాల చెట్లో రంగురంగుల గోడో ఉండాలి. షట్టర్ ప్రయారిటీ (షట్టర్ మనం పెడితే ఎపర్చర్ కెమెరా ఎంచుకునే మోడ్), ఐఎస్ఓ 100, కంటిన్యువస్ ఆటోఫోకస్, బర్స్ట్ (నొక్కి పట్టుకుంటే వరసగా తీసే మోడ్). 1/250 దగ్గర పదిసార్లు, 1/125 దగ్గర పదిసార్లు, అలాగే 1/60, 1/30, 1/15. పాదాలు ఫొటో తీయబోయే చోటుకి ఎదురుగా ఉండాలి. నడుం మాత్రం సైకిల్ వచ్చే వైపు తిప్పి అక్కణ్నుంచే వెంబడించాలి. సైకిల్ ఎదురుగా వచ్చేసరికి ఒళ్లు సహజమైన స్థితికి వస్తుంది, అప్పుడు షట్టర్. నొక్కాక కూడా తిప్పడం ఆపకూడదు, సైకిల్ దాటిపోయేదాకా వెంబడించాలి. నొక్కగానే ఆగిపోవడమే అందరూ చేసే పొరపాటు. ఎక్స్‌పోజర్ జరుగుతుండగానే కెమెరా ఆగుతుంది, సైకిల్ ముందుకు సాగిపోతుంది.

మిట్టమధ్యాహ్నపు ఎండలో ఈ అసైన్‌మెంట్ మొత్తం చేయలేరు. ఎండలో ఐఎస్ఓ 100కి ఎఫ్/16, 1/100 దాదాపు సరైన ఎక్స్‌పోజర్. 1/15కి దిగాలంటే దాదాపు మూడు స్టాపులు తగ్గించాలి, అంటే ఎఫ్/45. చాలా లెన్సులు ఎఫ్/22 దగ్గరే ఆగిపోతాయి. సాయంత్రం చేయాలి, లేదా లెన్స్ ముందు మూడు స్టాపుల వెలుగు తగ్గించే నల్లద్దం, అంటే ఎన్‌డీ ఫిల్టర్, పెట్టుకోవాలి. ఈ మాట షీటులో లేకపోతే సగం మంది వెలుగు ఎక్కువై తెల్లగా అయిపోయిన ఫొటోలు తీసి, తమకు ప్యానింగ్ రాదనుకుని వదిలేస్తారు.

యాభై పరుగుల ఫ్రేముల్నీ వరసగా పెట్టి చూసినప్పుడు ఏం చూడాలో తెలిసిన మనిషి కావాలి. వెనకభాగం అడ్డంగా చారలు పడి, మనిషి కూడా అడ్డంగానే చెదిరితే తిప్పిన వేగం సైకిల్ వేగంతో కలవలేదు. మనిషి నిలువుగా చెదిరితే కెమెరా పైకీ కిందికీ ఊగింది, మోచేతులు ఒంటికి ఆనించాలి. లెన్స్ స్టెబిలైజేషన్ మామూలు మోడ్‌లో ఉంటే అది మనం తిప్పడాన్నే వణుకనుకుని అడ్డుపడొచ్చు. ప్యానింగ్ మోడ్ ఉంటే అందులో పెట్టాలి, లేకపోతే ఆపాలి. తొక్కేవారి ముఖం పదునుగా ఉండి వెనక చక్రం చెదిరితే అది చేతి తప్పు కాదు. దగ్గరగా దాటిపోయే వస్తువు ఒక్కో భాగం మనకు ఒక్కో వేగంతో కదులుతుంది, ఇంకాస్త వెనక్కి జరిగి ఎక్కువ ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్ వాడితే తగ్గుతుంది. 1/15 దగ్గర పదింటిలో ఒకటి కుదిరినా మంచి ఫలితమే. ఇది ముందే చెప్పాలి, లేకపోతే తొమ్మిది చెడిన ఫొటోలు చూసి నిరుత్సాహపడతారు.

అందుకే నా రెండో షరతు: పంపాల్సింది మంచి ఫొటో ఒక్కటి కాదు, తీసినవన్నీ. ఏదీ చెరపకుండా, క్రాప్ చేయకుండా, తీసిన వరుసలోనే. ఒక్క మంచి ఫొటో చూస్తే అది అదృష్టమో నేర్పో గురువుకు తెలియదు. వరుస చూస్తే విద్యార్థి ఎక్కడ నిలబడ్డాడు, ఒక్క అడుగైనా కదిలాడా, ఎన్నో ఫ్రేము దగ్గర విషయం పట్టుబడింది, పట్టుబడ్డాక కొనసాగించాడా వదిలేశాడా, అన్నీ తెలుస్తాయి. ఫిల్మ్ రోజుల్లో 36 ఫ్రేముల రోలు మొత్తాన్ని ఒకే కాగితం మీద ప్రింటు వేసిన కాంటాక్ట్ షీటు ఈ పని చేసేది. ఇప్పుడు ఏ ఫొటో సాఫ్ట్‌వేర్‌లోనైనా చిన్న బొమ్మల గ్రిడ్‌గా చూపించొచ్చు. సాధనం ఉంది, అడిగే కోర్సులే తక్కువ.

ఫ్లాష్ అసైన్‌మెంట్‌లో తేల్చాల్సింది రెండు కొళాయిల సంగతి: ఒకటి ఫ్లాష్ వెలుగు, ఇంకోటి చుట్టూ ఉన్న వెలుగు. ఫ్లాష్ వెలిగేది సెకనులో వెయ్యో వంతో, ఇంకా తక్కువో కాబట్టి షట్టర్ స్పీడ్ దాన్ని పెద్దగా మార్చదు, చుట్టూ ఉన్న వెలుగును మాత్రమే మారుస్తుంది. ఎపర్చర్ రెండింటినీ మారుస్తుంది. పొద్దుగూకే వేళ మనిషిని నిలబెట్టి, రెండు మీటర్ల దూరంలో ఫ్లాష్‌ను స్టాండు మీద పెట్టి, మాన్యువల్‌లో 1/8 పవర్ దగ్గర ఉంచి, ఎఫ్/5.6, ఐఎస్ఓ 400 బిగించి, షట్టర్ ఒక్కటే 1/200, 1/100, 1/50, 1/25, 1/13గా మార్చుకుంటూ పోవాలి. ముఖం దాదాపు అలాగే ఉంటుంది, వెనక ఆకాశం ఒక్కో స్టాప్ వెలుగెక్కుతుంది. తర్వాత షట్టర్ 1/200 దగ్గర ఆపి, ఫ్లాష్‌ను 1, 1.4, 2, 2.8, 4 మీటర్ల దూరాలకు జరుపుతూ తీయాలి. ఒక్కో జరుపుకి ముఖం ఒక్కో స్టాప్ చీకటవుతుంది. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతు.

టీటీఎల్‌లో (ఫ్లాష్ ఎంత వెలగాలో కెమెరాయే నిర్ణయించే మోడ్‌లో) వదిలేస్తే ఫ్లాష్ తనంతట తాను సర్దుకుని అన్ని ఫొటోలూ ఒకేలా వస్తాయి, నేర్చుకోవడానికేమీ మిగలదు. సింక్ స్పీడ్, అంటే ఫ్లాష్‌తో మామూలుగా వాడగల అత్యంత వేగమైన షట్టర్, చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250. అది దాటితే ఫొటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది. చిన్న తెల్ల గదిలో చేస్తే గోడలు వెలుగును తిరిగి కొడతాయి కాబట్టి లెక్క తప్పినట్టు కనిపిస్తుంది, ఆరుబయటే చేయాలి. పొద్దుగూకేటప్పుడు వెలుగు నిమిషాల్లో పడిపోతుంది. అందుకని షట్టర్ వరుస పూర్తయిన వెంటనే మొదటి ఫ్రేమును అవే సెట్టింగులతో మళ్లీ తీయాలి. మొదటిదీ చివరిదీ ఆకాశం ఒకేలా ఉంటేనే ఆ వరుసను నమ్మొచ్చు. ఈ చిన్న అలవాటు ఏ అసైన్‌మెంట్‌కైనా పనికొస్తుంది.

లాంగ్ ఎక్స్‌పోజర్, అంటే షట్టర్‌ను సెకన్ల తరబడి తెరిచి ఉంచి తీయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పది స్టాపుల ఫిల్టర్ పెడితే 1/60 కాస్తా 17 సెకన్లవుతుంది, ఫిల్టర్ బిగించకముందే ఫోకస్ పెట్టుకోవాలి, డీఎస్ఎల్ఆర్ అయితే వ్యూఫైండర్ మూసేయాలి. ఒక సాయంత్రం చాలు.

ఇన్ని కట్టుబాట్లు పెడితే సృజన చచ్చిపోదా అని అడిగేవాళ్లున్నారు. మొదటి వారమే "ఆనందం", "ఒంటరితనం" అని అంశం ఇచ్చి ఫొటోలు తెమ్మనే కోర్సులు ఈ నమ్మకం మీదే నడుస్తాయి. నేను వీటితో ఏకీభవించను. షట్టర్ ఎంత పెట్టాలో తడుముకుంటున్న మనిషికి ఎదుటివారి ముఖంలో మారే భావం కనబడదు. చెయ్యి తన పని తాను చేసుకుపోతేనే కన్ను ఖాళీ అవుతుంది. అంశాలు ఇవ్వాలి, కానీ కోర్సు చివరి మూడో వంతులో. రోజుకో ఫొటో చొప్పున ఏడాది పాటు తీయమనే సవాళ్ల మీద కూడా నాకు పెద్దగా నమ్మకం లేదు. దిద్దేవారు లేని సాధన అలవాటును ముదురుస్తుంది, అది మంచి అలవాటా చెడ్డదా అని చూడదు.

అంశం ఇచ్చే అసైన్‌మెంట్ మంచి గురువు చేతిలో ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఫొటోగ్రాఫర్ ఈవ్ ఆర్నాల్డ్ ఒక్కరు చాలు. న్యూయార్క్‌లో పత్రికల డిజైనర్ అలెక్సీ బ్రొడోవిచ్ తరగతిలో ఆమెకు ఫ్యాషన్ మీద అసైన్‌మెంట్ వచ్చింది. ఆమె పేరున్న ఫ్యాషన్ స్టూడియోలకు పోకుండా హార్లెమ్‌లో నల్లజాతివారు జరుపుకునే ఫ్యాషన్ షోలను ఫొటోలు తీసింది. బ్రొడోవిచ్ ఆ పనిని అక్కడితో ముగించనివ్వలేదు, కొనసాగించమన్నాడు. ఆ ఫొటోలు 1951లో బ్రిటన్ పత్రిక పిక్చర్ పోస్ట్‌లో అచ్చయ్యాయి. ఆమె పేరున్న ఫొటోగ్రాఫర్ల సంస్థ మాగ్నమ్‌ దాకా వెళ్లింది. ఇక్కడ నేను పట్టుకునేది "కొనసాగించు" అన్న మాటను. మార్కు వేసి పక్కన పెట్టేయడం కంటే అది ఎంతో కష్టమైన సమీక్ష.

"చాలా బాగుంది", "ఇంకాస్త కృషి చేయాలి" అనేవి సమీక్షలు కావు. "మూడో ఫ్రేములో వెనక స్తంభం తల మీంచి మొలిచినట్టుంది, ఒకడుగు ఎడమకి జరిగి మళ్లీ తియ్యి" అనేది సమీక్ష. ఏ ఫ్రేము, ఏం తప్పు, ఏం మార్చాలి, ఎప్పటిలోగా మళ్లీ తీయాలి, ఇవి నాలుగూ అందులో ఉండాలి. మళ్లీ తీయడం వారం దాటితే మొదటిసారి ఏం చేశామో చెయ్యి మరిచిపోతుంది. లైకులు లెక్కపెట్టి మంచి ఫొటో ఎంచే కోర్సుల్లో ఇది జరగదు. సాయంత్రపు సూర్యుడికి లైకులు ఎప్పుడూ ఎక్కువే, ఆ ఫొటోలో నేర్చుకున్నది ఏమీ లేకపోయినా.

"ఏ కెమెరా అయినా ఫరవాలేదు" అని రాసే కోర్సుల్ని కాస్త నిలదీయాలి. ఎక్కువ ఫోన్లలో ఎపర్చర్ మారదు, పైగా ఫోను పలు ఫ్రేములు కలిపి ఒక ఫొటో తయారు చేస్తుంది. దాంతో డబ్బాల అసైన్‌మెంట్ చేయలేరు, గుడ్డల అసైన్‌మెంట్‌కు కూడా మాన్యువల్ యాప్ కావాలి. కిటికీ వెలుగు, నిలబడే దూరం, ఫ్రేము అంచులు, వీటి మీద పని మాత్రం ఫోనుతో హాయిగా చేసుకోవచ్చు. ఫోనువాళ్లకు వేరే షీటు ఉందా అన్నది అడగాల్సిన ప్రశ్న. ఎడిటింగ్ కూడా అంతే. టెక్నిక్ అసైన్‌మెంట్లలో ఎడిటింగ్ వద్దనాలి, ఎడిటింగ్‌కు విడిగా ఒక అసైన్‌మెంట్ పెట్టి తరగతి మొత్తానికి ఒకే రా (raw) ఫైలు, అంటే కెమెరా మెరుగులు దిద్దని మూల ఫైలు, ఇవ్వాలి. అప్పుడే ఎవరి నిర్ణయం ఫొటోను ఎటు తీసుకెళ్లిందో పోల్చడం కుదురుతుంది.

వారానికి ఒక టెక్నిక్ కంటే ఎక్కువ పెట్టే కోర్సు ఈ పనంతా చేయించలేదు. తీయడానికి ఒక సాయంత్రం, వరుస పెట్టి రాసుకోవడానికి ఒక గంట, సమీక్ష వచ్చాక మళ్లీ తీయడానికి ఇంకో సాయంత్రం కావాలి. కాబట్టి చేరేముందు ఒక అసైన్‌మెంట్ షీటు, దానికి పాత విద్యార్థి ఒకరు పేరు లేకుండా పంపిన ఫ్రేముల వరుస, గురువు రాసిన సమీక్ష, ఈ మూడూ చూపించమనండి. ఒక్కొక్కరి ఫ్రేములు చూడటానికి గురువు ఎంత సమయం ఇస్తారో, రెండోసారి తీసినవి కూడా చూస్తారో లేదో అడగండి. రెండోసారివి చూడబోమంటే ఆ ఫీజుతో వీడియోలు మాత్రమే కొంటున్నట్టు లెక్క. అవి ఉచితంగా చూసుకుని, తీసిన ఫ్రేములన్నీ ముందేసుకుని దిద్దగల మనిషి కోసం వెతకండి.